పిట్టలు నమ్మిన ఊళ్లు

విశాఖపట్నం వచ్చిన చుట్టాన్ని ఏం చూస్తావని అడగక్కర్లేదు. సాయంత్రం బీచ్ రోడ్డు, మర్నాడు రుషికొండ, ఓపికుంటే భీమిలి. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. సెలవు రోజుల్లో అటువైపు కారు ముందుకు కదలదు. సముద్రమంటే నాకూ మోజే. అలల్లో కాళ్లు తడుపుకోవాలని ఎవరికుండదు? కానీ ఉత్తరాంధ్రలో నన్ను మళ్లీ మళ్లీ పిలిచే చోటు ఆ ఇసుక కాదు. శ్రీకాకుళం దాటాక, ఇచ్ఛాపురం వచ్చేలోగా, జాతీయ రహదారి దిగి అటూ ఇటూ పోయే సన్నదారుల చివర ఉండే ఊళ్లు.

నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా తడిపే నేల అది. సముద్రం అక్కడికీ దగ్గరే. కొన్ని ఊళ్లలో గాలి వాలు మారితే నాలుక మీద ఉప్పు తగులుతుంది. అయినా ఆ ఊళ్ల ముఖం చెరువు వైపు, చేను వైపు, చెట్టు వైపు తిరిగి ఉంటుంది. అక్కడ గదులు అద్దెకిచ్చేవాళ్లు లేరు. ఫొటోల కోసం కట్టిన వేదికలు లేవు. పొద్దున్న వచ్చినవాడు సాయంత్రానికి వెళ్లిపోవాలి, లేదా టెక్కలిలోనో పలాసలోనో తల దాచుకోవాలి.

పట్నవాసులకి ప్రశాంతత ఒక ఆకలి. దానికోసమే పల్లె వెతుక్కుంటూ వెళతాం. అది అక్కడ ఊరికే పడి ఉంటుందనీ, దాని వెనక ఎవరి కష్టమూ లేదనీ అనుకుంటాం. పర్యాటకుల కోసం వేసే క్యాలెండర్ బొమ్మల్లో పల్లె ఎప్పుడూ మనుషుల్లేకుండానే ఉంటుంది: ఒక చెరువు, రెండు తాటిచెట్లు, వెనక కొండ. ఆ బొమ్మలోంచి ఎవరిని తీసేశారో వాళ్లే ఆ చెరువునీ ఆ చెట్లనీ నిలబెట్టారు. ఈ మాట నాకు ఒంటబట్టింది తేలినీలాపురంలో.

తేలినీలాపురం టెక్కలికి దగ్గర, నౌపడ ఉప్పు మడులకి ఇంకా దగ్గర. మామూలు ఊరు. కానీ సెప్టెంబర్, అక్టోబర్ నెలలు వచ్చేసరికి ఊళ్లో పెద్ద చెట్ల మీదికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరే వేళకి వాటిని వెంటబెట్టుకుని వెళ్లిపోతాయి. అడవిలో కాదు, జనం మసిలే చోట, పశువుల కొట్టం పైన, మనిషి తలెత్తితే కనబడే ఎత్తులో. ఇంత పెద్ద పిట్ట మనిషి గడపలో పురుడు పోసుకోవడానికి సిద్ధపడిందంటే, ఆ మనిషి మీద ఎన్ని తరాల నమ్మకం ఉండి ఉండాలి!

గూళ్ల కింద నిలబడి చెవి పెట్టి వింటే ఒక సంగతి తెలుస్తుంది. ఆ గోలంతా పిల్లలదే. పెద్దవాటికి దాదాపు గొంతు లేదు. కొంగ జాతిలో స్వరం పలికించే అవయవం సరిగా ఎదగదు. జతని పిలవాలన్నా, పక్కగూటిదాన్ని బెదిరించాలన్నా ముక్కు రెండు దవడలూ టకటకా కొట్టాల్సిందే. గూడబాతు అయితే గూటి దగ్గర చిన్నగా గుర్రుమనడం తప్ప నోరు విప్పదు. ఆకలేసిన పిల్లలు మాత్రం రోజంతా అరుస్తూనే ఉంటాయి. తల్లి దిగగానే దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటాయి. ఆ చేపల కోసం తల్లి నౌపడ పర్రలకీ తంపర నేలలకీ చెరువులకీ ఎగిరి వస్తూ పోతూ ఉంటుంది. చెట్టు ఊరిది, తిండి ఆ చిత్తడి నేలలది. రెంటిలో ఏది పోయినా పిట్ట రాదు.

గూళ్ల కింద నిలబడడం అంత సుఖంగా ఉండదని కూడా చెప్పాలి. చేపల కంపు గాల్లో గడ్డకట్టినట్టు ఉంటుంది. ఆకులన్నీ రెట్టతో తెల్లబడిపోతాయి. గూటిలోంచి జారిన పిల్ల కింద పడి చచ్చిపోయి ఉంటుంది, కుక్కలు చుట్టూ తిరుగుతుంటాయి. గంటసేపు చూసి వెళ్లే మనకి అది ఒక అనుభవం. ఆరునెలలు ఆ చెట్టు కిందే వంటచేసుకుని, గుడ్డలారేసుకుని, పిల్లలకి అన్నం పెట్టేవాళ్లకి అది సంసారం. ఒక పెరట్లో నిలబడి, వాసనతో ఇబ్బంది లేదా అని అడిగితే చేట పక్కన పెట్టి ఒక ముసలమ్మ అంది: "ఆడపిల్ల పురుడికొస్తే కంపని పొమ్మంటామేటి బావూ?"

ఈ పోలిక ఆ ఒక్కామెది కాదు. పిట్టలు గూళ్లు కట్టే ఊళ్లన్నిట్లోనూ ఆ మాటే వింటాం. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని కసరకూడదు, వట్టి చేతులతో పంపకూడదు. చట్టాలు పుట్టకముందు ఆ పిట్టలకి ఉన్న రక్షణ అంతా ఆ మర్యాదలోనే ఉంది. వాటిని అక్కడ సైబీరియా పిట్టలంటారు, ఎంతో దూరం నుంచి కష్టపడి వస్తాయని జాలిపడతారు. నిజానికి అవి మంచు దేశం చూసినవి కావు. ఇవి ఈ ఉపఖండంలోనే, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ బతికే జాతులు. మన దేశపు పిల్లలే. ఆ నిజం తెలిసినా ఆ ఊరి ఆదరణలో తరుగు రాదని నా నమ్మకం.

ఇలాంటి ఊళ్లు దక్షిణాదిలో ఇంకా ఉన్నాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య తుమ్మచెట్ల మీద ఇవే పిట్టలు కిక్కిరిసి ఉంటాయి. నెల్లూరు వైపు నేలపట్టులో చెరువులో నిలబడ్డ చెట్లే వాటికి ఇళ్లు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు చేలకి ఎరువవుతాయని రైతులకి ఎప్పట్నించో తెలుసు. తమిళనాడులో వేడంతాంగల్ రైతులు ఇదే లెక్కతో, తుపాకులు పట్టుకొచ్చిన దొరలని ఆపమని 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టర్ దగ్గర హక్కు పత్రం రాయించుకున్నారు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. 1976లో అటవీ అధికారి నెగిన్‌హాళ్ ఆ ఊరి గూడబాతుల గురించి బయటి లోకానికి చెప్పాడు. ఆ పిట్టలకి ఇష్టమైనవి చింతచెట్లు. చింతకాయ దులపాల్సిన కాలమూ గూళ్లలో పిల్లలుండే కాలమూ ఒకటే. చెట్టు దులిపితే పిల్లలు రాలతాయి, దులపకపోతే రైతు రాబడి పోతుంది. అందుకని గూళ్లున్న చెట్ల యజమానులకి ప్రభుత్వం పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో ఆ ఊరిని సమాజ రిజర్వుగా ప్రకటించారు. మర్యాదకి ధర కట్టలేం గానీ, మర్యాద చూపినవాడి నష్టానికి లెక్క ఉంటుంది. ఆ లెక్క తీర్చాలన్న ఆలోచన ఎంత న్యాయమైనదో!

ఆరేడు పేరు ఈ తరంలో ఎంతమందికి తెలుసో. పశ్చిమ గోదావరిలో, కొల్లేటికి అందుబాటులో ఉన్న పల్లె. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల మీద గొప్ప పుస్తకం రాసిన కె.కె. నీలకంఠన్, 1940ల్లో అక్కడ పెద్ద గూడబాతుల కాలనీని చూసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి వివరంగా రాశాడు. దక్షిణాదిలో గూడబాతులు ఎక్కడ పిల్లల్ని చేస్తాయో శాస్త్రజ్ఞులకి సరిగా తెలియని రోజుల్లో అది ఎంత పెద్ద వార్తో! తర్వాతి కాలంలో ఆ పిట్టలు ఆ ఊరిని వదిలేశాయి. అక్కడ ఇవాళ చెరువులున్నాయి, చేపలున్నాయి, తాటిచెట్లు కూడా ఉన్నాయి. పుట్టింటి దారి మాత్రం తెగిపోయింది. తేలినీలాపురంలో నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆరేడు గుర్తొస్తుంది. ఆ నమ్మకం ఎంత పాతదైనా తెగవచ్చు. మళ్లీ కలపడం మన చేతిలో ఉండదు.

ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిది వేరే కాలం. అక్కడికి వానలతో వచ్చేవి నత్తగుల్ల కొంగలు. తొలకరి తర్వాత దిగి, వరి కోతల వేళకి వెళ్లిపోతాయి. ముక్కు మూసినా దాని మధ్య ఒక సందు మిగిలిపోతుంది, అదీ వీటి గుర్తు. పుట్టిన పిల్లకి ఆ సందు ఉండదు, పెద్దయ్యేకొద్దీ ఏర్పడుతుంది. నత్తని పట్టి, చిప్ప పగలగొట్టకుండానే లోపలి కండరాన్ని కోసి, మాంసం బయటికి లాగే నేర్పు వాటిది. వరిపొలంలో నత్తలు తినే పిట్టని రైతు ఎందుకు తరుముతాడు? అక్కడి జనం వాటి రాకని మంచి వానకి శకునంగా చూస్తారు. ఈ సంవత్సరం తొందరగా వచ్చాయా, ఆలస్యమైందా అన్నది నారుమడి పక్కన జరిగే చర్చ. అందుకే ఈ ఊళ్లు చూడాలనుకునేవాళ్లు సెలవులు చూసుకుని బయల్దేరితే లాభం లేదు. తేలుకుంచికి వానలో వెళ్లాలి, తేలినీలాపురానికి సంక్రాంతి దరిదాపుల్లో. సంక్రాంతికి అల్లుళ్లూ కూతుళ్లూ దిగిన ఇళ్లూ, పైన పిల్లలున్న గూళ్లూ, ఊరంతా సందడే. అప్పుడు అక్కడ ప్రశాంతత కోసం వెళ్లినవాడికి దొరికేది ప్రశాంతత కంటే చాలా ఎక్కువ.

తేలుకుంచి నుంచి కవిటి, సోంపేట వైపు తిరిగితే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. ఆ పచ్చదనంలోకి అడుగుపెట్టినవాడు ఇంతకంటే స్వర్గం ఏముందంటాడు. నేనూ ఆ నీడలో నడిచాను, ఆ అందం నిజమే. కానీ ఆ తోటల మధ్య ఇళ్లలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా తిష్ఠవేసింది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేల్చలేకపోయారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రీ మూత్రపిండాల పరిశోధన కేంద్రమూ తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాలు వేసి తాగునీరు తెచ్చారు. మధ్యాహ్నం వేళ అక్కడ ఒక ఇంటి అరుగు మీద చప్పుడు లేదంటే, లోపల ఎవరో డయాలసిస్ చేయించుకు వచ్చి పడుకుని ఉండవచ్చు. ఆ అరుగు ముందు నిలబడి ఎంత హాయిగా ఉందో అనడానికి నాకు నోరు రాదు.

వీధులు ఖాళీగా ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్లు హైదరాబాద్ అపార్టుమెంట్ల కడ్డీలు వంచుతూ, చెన్నైలో ఇటుకలు మోస్తూ, గుజరాత్ వెరావల్ రేవులో పడవలెక్కుతూ ఉంటారు. వెరావల్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబర్‌లో సరిహద్దు దాటి పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో గానీ ఇంటి ముఖం చూడలేదు. ఆ కథ సినిమాగా వచ్చాక అందరికీ తెలిసింది. సినిమాకెక్కని వలసలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తాళం వేసిన ఇళ్లు, వాటి తాళాలు దాచే ముసలివాళ్లు. ఊరు నిశ్శబ్దంగా ఉందని మనం మెచ్చుకుంటున్నప్పుడు ఆ ముసలివాళ్లు ఫోను మోగుతుందేమోనని చూస్తుంటారు.

చెరువులూ పర్రలూ ఇలా మిగలడానికి అక్కడి జనం చేసింది చిన్నపని కాదు. సోంపేట దగ్గర బీల నేలలున్నాయి. వాననీళ్లు పట్టి ఉంచే పల్లపు నేలలు, వరి ఇస్తాయి, చేపలిస్తాయి, వేసవిలో చుట్టుపక్కల బావుల్ని నింపుతాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని పల్లెలకి పల్లెలు కదిలాయి. 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. అదే రోజు ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర నేలల దగ్గర అదే కథ, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. తేలినీలాపురం గూడబాతులు చేపలకి వెళ్లే నేలలు ఆ తంపర చుట్టుపక్కలవే. పిట్టల పేరు చెప్పి ఎవరూ ప్రాణమివ్వలేదు. తమ వరి కోసం, తమ వలల కోసం, తమ బావుల కోసం నిలబడ్డారు. ఆ నిలబడడంలోనే పిట్టలకీ చోటు మిగిలింది. పర్యావరణమనే పెద్ద మాటని వేరే అంతస్తులో పెట్టి, రైతు బతుకుని వేరే అంతస్తులో పెట్టి మాట్లాడేవాళ్లు ఒకసారి ఆ గట్ల మీద నడవాలి.

ఇదంతా తెలుసుకుని వెళితే ఆనందం పోతుందేమోనని కొందరంటారు. నాకైతే ఎక్కువైంది. నౌపడలో గుణుపూర్ రైలెక్కండి. పర్లాకిమిడి రాజులు 1900లో వేయించిన చిన్న లైను అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. టెక్కలి, పాతపట్నం మీదుగా సముద్రానికి వీపు పెట్టి కొండల వైపు తీసుకుపోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే వరిచేలు, వాటి వెనక తాటితోపులు, వాటి వెనక మహేంద్రగిరి పంక్తులు. శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డున మధుకేశ్వరాలయం ఉంది. ఒకప్పుడు తూర్పు గాంగుల కళింగనగరమని చెప్పే ఆ చోట ఇవాళ పొద్దుటిపూట గుడి ప్రాకారంలో పట్టుమని పదిమంది కనిపించరు. పొందూరు వెళితే, వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఆడవాళ్లని చూడవచ్చు. ఆ చేప పళ్ల వరసలోంచి వచ్చిన దూది అంత మెత్తన మరే దువ్వెనతోనూ రాదట. అక్కడ కూర్చుని వాళ్ల పని చూడాలంటే ముందు వాళ్ల వీలు అడగాలి. పనిచేసే చేతిని ఫొటో కోసం ఆపమనకూడదు. వెళ్తూ ఒక గజం గుడ్డయినా కొనుక్కోవాలి.

మీరు మంచి ఊళ్ల పేర్లన్నీ రాసి వాటిని పాడుచేస్తారని ఒక మిత్రుడు నన్ను హెచ్చరించాడు. అతని భయం నాకర్థమవుతుంది. పది కార్లు ఒకేసారి తేలినీలాపురంలో ఆగి, పాటలు పెట్టి, డ్రోన్ ఎగరేస్తే పిట్ట గూడు వదిలి లేస్తుంది. ఎండలో విడిచిన గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎంతోసేపు నిలవవు. కానీ పేరు దాచడం వల్ల ఊరు కాపాడబడుతుందంటే నేను నమ్మను. ఆరేడుని ఏ పర్యాటకుడూ పాడుచేయలేదు. ఎవరికీ తెలియకుండానే పోయింది. బీలని గెలిపించింది దాని పేరు నలుగురి నోటా పడడమే. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరైనా ఆ ఊరికి కావలసినదేమిటో తెలుసుకుని వెళితే, అవసరమైనప్పుడు దాని తరఫున మాట్లాడితే, ఆ రాకపోకలు ఊరికి బలమే అవుతాయి.

కావలసినవి పెద్ద సంగతులు కావు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలు నేలకొరిగాయి, చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద చెట్లెన్నో పోయాయి. గూడబాతు చిన్న చెట్టు మీద గూడు కట్టదు, దాని బరువుకి కొమ్మ ఆగాలి. ఇవాళ నాటిన చింత మొక్క ఆ బరువు మోయాలంటే ఒక తరం పడుతుంది. అందాకా ఉన్న చెట్టుని కొట్టకుండా ఉంచినవాడికి కొక్కరె బెళ్లూరులో లాగా ఏటా కొంత ముట్టాలి, కొత్త మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు ఉండాలి.

చేట పక్కన పెట్టిన ఆ ముసలమ్మతో ఈ మాటే అన్నాను. ఆమె నన్ను పెరటి వెనక్కి తీసుకెళ్లింది. మోకాలెత్తు చింత మొక్క ఒకటి, చిగుళ్లు కొరికేసి ఉంది.

"నాటినాను గానీ మేకలు బతకనివ్వడం నేదు," అంది. "నాలుగు కర్రలూ ఇంత కంచె తీగా కావాల. అడివోళ్లు మీకు తెలిస్తే ఓ మాట సెప్పండి బావూ."